రథవేగం - హాస్యరసం

వేగాన్ని గురించి మన సాహిత్యంలో ఉన్న చమత్కార కథలలో నలోపాఖ్యానంలోని ఒక ఘట్టానికి సాటి వచ్చేది లేదనుకుంటాను. దమయంతికి ద్వితీయ స్వయంవరమని వార్త వచ్చినది. అయోధ్య నుండి విదర్భకు ఒక్క పగటిలో చేరవలె. ఋతుపర్ణ మహారాజు రథమెక్కినాడు. పగ్గాలు పట్టినవాడు పైకి బాహుకుడనే వికృతాకారుడు, లోపల నలచక్రవర్తి. గుర్రాల డెక్కలు నేలకు తాకుతున్నవో లేదో తెలియనంత వేగం. అంతలో రాజుగారి ఉత్తరీయం గాలికి ఎగిరి పడిపోయినది. కాస్త ఆగితే పైబట్ట తెచ్చుకుందామని రాజు అన్నాడు. తమరు ఆ మాట అనేలోగా బట్ట ఆమడ దూరం వెనుకబడినదని సారథి చల్లగా విన్నవించినాడు. ఇంత తొందరలోనూ దారిలో ఒక తాండ్రచెట్టు కనిపించినది. దాని ఆకులెన్నో కాయలెన్నో రాజు చూపుమాత్రాన చెప్పివేసినాడు. ఆ లెక్క సరియైనదో కాదో తేల్చుకోనిదే కదలనని అదే సారథి రథం దిగి కూర్చున్నాడు! పరుగు మధ్యలో ఆగి కాయలు లెక్కపెట్టిన సారథి లోకంలో మరొకడు ఉన్నాడా?

కాలం మారినది. రథానికి గుర్రాలు పోయి యంత్రం వచ్చినది. అయినా ఆ యంత్రపు బలాన్ని ఇప్పటికీ అశ్వశక్తి అనే కొలతతోనే చెప్పుకుంటున్నాము గనుక గుర్రాలు పూర్తిగా పోయినవనడానికి వీలులేదు. మోటారుబండి పుట్టిన కొద్దికాలానికే మనిషి దానితో పందెం కట్టినాడు. గెలిచినవారి పేర్లు చరిత్ర గ్రంథాలకు ఎక్కినవి. నవ్వించినవారి కథలు మాత్రం అక్కడక్కడ చెదరి ఉన్నవి. వాటిలో కొన్నింటిని ఏరి ఉపాధ్యాయ మిత్రులకూ, విద్యార్థులకూ నివేదించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో కల్పన లేదు, అన్నీ జరిగినవే.

కథలలోకి పోయే ముందు ఒక్క మాట. పందెపు కారు తోలేవారిలో రెండు తెగలున్నవి. జీతం తీసుకొని తోలేవారు ఒక తెగ. సొంత డబ్బు పెట్టి, సొంత చేతులు మసి చేసుకొని, ఓడిపోయి, నలుగురూ నవ్వగా తామూ నవ్వి, మరుసటి ఏడు మళ్లీ అదే బాటమీదకు వచ్చేవారు రెండవ తెగ. వీరే ఔత్సాహికులు. హాస్యరసానికి ఆలంబనం ముఖ్యంగా వీరే.

జెండా పట్టుకొని నడిచే మనిషి

ఇంగ్లండులో 1865లో ఒక చట్టం చేసినారు. గుర్రం లేకుండా నడిచే బండి ఊళ్లలో గంటకు రెండు మైళ్లు, ఊరి వెలుపల నాలుగు మైళ్లు మించి పోరాదు. దానికి అరవై గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని కాలినడకన పోవలె. బండి ఎంత గొప్పదైనా దాని వేగం ముందు నడిచే మనిషి కాళ్లలోనే ఉన్నదన్నమాట. జెండా షరతు తరువాత సడలినది గాని, ముందు మనిషి నడవాలన్న నియమం 1896 దాకా నిలిచినది.

ఆ 1896 జనవరిలోనే కెంట్ సీమలోని పాడక్ వుడ్ అనే గ్రామం గుండా వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన తన మోటారుబండిలో వెళ్లినాడు. ముందు నడిచే మనిషి లేడు. వేగమా, గంటకు ఎనిమిది మైళ్లు! అనుమతించిన దానికి నాలుగింతలు. పోలీసు జవాను ఒకడు చూచి నివ్వెరపోయి, సైకిలెక్కి, చాలా దూరం తరిమి పట్టుకొన్నాడు. న్యాయస్థానం వేగానికి ఒక షిల్లింగు జరిమానా విధించినది. అతివేగానికి శిక్షపడిన తొలి మోటారు చోదకుడని ఆర్నాల్డుకు కీర్తి దక్కినది. సైకిలుకు దొరికిపోయిన మోటారు ఈనాడు మనకు నవ్వు తెప్పిస్తుంది. అదే ఏడు నవంబరులో చట్టం మారి వేగపరిమితి గంటకు పద్నాలుగు మైళ్లయినది. ఆ సంతోషంతో మోటారువారు లండను నుండి బ్రైటనుకు ఊరేగింపుగా బయలుదేరినారు.

గెలిచి ఓడినవారు

ఫ్రాన్సులో ఇంత నిర్బంధం లేదు. 1894 జూలైలో 'ల పెతి జుర్నాల్' అనే దినపత్రిక ప్యారిస్ నుండి రువాన్ పట్టణానికి గుర్రాలు లేని బండ్ల పోటీ పెట్టినది. 102 దరఖాస్తులు వచ్చినవి. ఆవిరితో నడిచేవి, పెట్రోలుతో నడిచేవి సరే. గాలిని బిగించి నడుపుతామన్నవారు, లోలకంతో నడుపుతామన్నవారు, ఎక్కి కూర్చున్నవారి బరువుతోనే బండిని నడుపుతామన్నవారు కూడా దరఖాస్తు పెట్టినారు. చివరకు బాట పట్టినవి 21 మాత్రమే. లోలకమూ, ప్రయాణికుల బరువూ కాగితం మీదనే ఉండిపోయినవి.

ఆ పోటీలో అందరికంటె ముందు రువాన్ చేరినవాడు కౌంట్ ద దియాన్. ఆయనది ఆవిరి బండి. అయినా మొదటి బహుమతి రాలేదు. బొగ్గు వేయడానికి వేరే మనిషి కావలసిన బండి సులభంగా నడిచే బండి కిందికి రాదని న్యాయనిర్ణేతలు తేల్చినారు. బహుమతిని వెనుక వచ్చిన పెట్రోలు బండ్లవారు పంచుకున్నారు.

మరుసటి ఏడు, 1895 జూన్‌లో, ప్యారిస్ నుండి బోర్డోకు పోయి తిరిగి రావలసిన సుమారు 1,180 కిలోమీటర్ల పందెం జరిగినది. ఎమిల్ లెవాసర్ రాత్రింబవళ్లు తోలినాడు. సగం దారిలో బండి అందుకోవలసిన రెండవ చోదకుడు రుఫెక్ అనే ఊరిలో బస చేసి ఉన్నాడు. లెవాసర్ అనుకున్న వేళకంటె ఎంతో ముందుగా తెల్లవారుజామున అక్కడికి చేరినాడు. చూస్తే ఆ మనిషి గాఢనిద్రలో ఉన్నాడు. అతన్ని లేపి సిద్ధం చేసే లోపల కాలం వృథా అవుతుందని తానే ముందుకు సాగి, 48 గంటల 48 నిమిషాలలో మొత్తం ప్రయాణం ముగించినాడు. జనం జయజయధ్వానాలు చేసినారు. తీరా చూస్తే మొదటి బహుమతి నాలుగు సీట్ల బండ్లకే అని నియమావళిలో ఉన్నది, లెవాసరుది రెండు సీట్ల బండి. పదకొండు గంటలు ఆలస్యంగా వచ్చిన ఒక పెజో బండికి బహుమతి ఇచ్చినారు. ప్రశ్నపత్రం మీద సూచనలు చదవకుండా జవాబులు వ్రాసే విద్యార్థులకు చెప్పదగిన కథ ఇది.

ఆ పందెంలోనే మిషెలిన్ సోదరులు మొదటిసారిగా గాలి నింపిన టైర్లతో ఒక కారును దింపినారు. మిగిలినవారంతా గట్టి చక్రాలవారు గనుక ఎగతాళి చేసినారు. దారిలో సోదరులకు 22 ట్యూబులు ఖర్చయినవి. వంద గంటల గడువు దాటిపోయినది. ఆనాడు నవ్వని వాడు లేడు. పదేండ్లు తిరిగేసరికి నవ్వినవారి బండ్లు కూడా గాలి టైర్లమీదనే పరుగెత్తినవి. నవ్వులపాలు కావడానికి భయపడితే ఏ శాస్త్రమూ ముందుకు పోదు.

అదే 1895 నవంబరు 28న అమెరికాలోని షికాగోలో పందెం. 54 మైళ్ల బాట, దాని నిండా మంచు. ఆరు బండ్లు బయలుదేరితే రెండే తిరిగి వచ్చినవి. గెలిచిన ఫ్రాంక్ డ్యూరియాకు దాదాపు పది గంటలు పట్టినది. మంచి ఎడ్లు పూన్చిన సవారీ బండి అంతకన్న మరీ వెనుకబడేది కాదేమో! రెండవ బండి కథ ఇంకా వింత. చలికి తట్టుకోలేక దాని చోదకుడు స్పృహ తప్పినాడు. నియమాలు పాటిస్తున్నారా లేదా అని చూడడానికి పక్కన కూర్చున్న పరిశీలకుడు చార్లెస్ కింగ్, ఒక చేత్తో ఆయనను పట్టుకొని రెండవ చేత్తో బండి తోలి గమ్యం చేర్చినాడు. పరీక్ష హాలులో విద్యార్థి మూర్ఛపోతే పర్యవేక్షకుడే జవాబు పత్రం పూర్తి చేసినట్లున్నది.

సైకిలు దీపపు వెలుగులో విశ్వవిజయం

1907లో పెకింగు నుండి ప్యారిస్‌కు పోటీ. ఐదు బండ్లు బయలుదేరినవి. ఎడారిలో పెట్రోలు ముందుగా ఒంటెల మీద పంపినారు. అంటే మోటారు పరుగు కూడా ఒంటె నడక మీదనే ఆధారపడి ఉన్నది. ఇటలీ రాజకుమారుడు బోర్గేజే బండి ఒక కొయ్య వంతెన మీద పోతుండగా వంతెన కూలి బండి కిందికి దిగబడినది. మరొకచోట చక్రం విరిగితే రష్యా పల్లెలోని బండ్ల వడ్రంగి గొడ్డలితో కొత్తది చెక్కి ఇచ్చినాడు. వెంట ఉన్న పత్రికా రచయిత బర్జీనీ గోబీ ఎడారిలోని ఒక తంతి కార్యాలయంలో వార్త పంపబోయి, తన తంతికి ఒకటవ నంబరు వేయడం చూచినాడు. విచారిస్తే ఆ కార్యాలయం తెరిచి ఆరేళ్లయినదట, ఆయనదే మొదటి తంతి! ఇన్ని అవస్థల నడుమ బోర్గేజే మాస్కో నుండి సరాసరి ప్యారిస్ దారి పట్టక, విందు ఉన్నదని సెయింట్ పీటర్స్‌బర్గుకు చుట్టు తిరిగి పోయి, భోజనం చేసి, అయినా అందరికంటె ఎన్నో రోజుల ముందు ప్యారిస్ చేరినాడు. ఈ మహాయాత్రకు బహుమతి ఒక షాంపేన్ సీసా.

మరుసటి ఏడు న్యూయార్కు నుండి ప్యారిస్ దాకా ఇంకా పెద్ద పందెం. 1908 ఫిబ్రవరి 12న బయలుదేరిన అమెరికా బండి 'థామస్ ఫ్లయర్' జూలై 30 సాయంకాలం ప్యారిస్ పొలిమేర చేరినది. ఖండాలు దాటి వచ్చిన ఆ బండిని నగర ద్వారంలో ఒక పోలీసు ఆపినాడు. కారణం, దీపం వెలగడం లేదు. దీపం లేని బండి చీకటి వేళ నగరంలో తిరగరాదు. ఎంత చెప్పినా అతను వినలేదు. చివరకు దారిన పోయే ఒకాయన తన సైకిలుకు దీపం ఉన్నదని చెప్పగా, ఆ సైకిలును అమాంతం ఎత్తి కారు మీద పెట్టుకొని విజేతలు నగరప్రవేశం చేసినారు. ఆ కారును నడిపించుకొని వచ్చిన జార్జ్ షుస్టరుకు రావలసిన వెయ్యి డాలర్ల బహుమానం చేతికి అందినది 1968లో. అప్పటికి ఆయనకు తొంబది అయిదేండ్లు. పందెం గెలవడానికి ఆరునెలల లోపే పట్టినది, సొమ్ము చేతికి రావడానికి అరవై ఏండ్లు పట్టినది. బకాయిల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే ఉపాధ్యాయ మిత్రులకు ఇది కొంత ఊరట కలిగించవచ్చు.

నవ్వు ఆగిపోయిన రోజు

ఇంతవరకు నవ్వినాము. ఎందుకు నవ్వగలిగినాము? మంచులో స్పృహ తప్పినవాడూ, వంతెనతో పాటు కూలినవాడూ ప్రాణాలతో ఇంటికి తిరిగి వచ్చి తమ కథలు తామే చెప్పుకున్నారు గనుక. తిరిగి రానివారి కథలో హాస్యానికి చోటు లేదు.

అటువంటి కథ 1903 మే 24న జరిగినది. ప్యారిస్ నుండి మాడ్రిడ్ నగరానికి పందెం. రెండు వందలకు పైగా వాహనాలు. లక్షల జనం బాటకు రెండు వైపులా, కొందరు బాట మీదనే నిలబడినారు. దుమ్ములో ముందున్నది మనిషో చెట్టో తెలియని వేగం. మొదటి రోజు ముగియకముందే పోటీదారులు, ప్రేక్షకులు కలిసి పలువురు మరణించినారు. రెనో సోదరులలో ఒకడైన మార్సెల్ రెనో ఆ రోజు ప్రమాదంలో గాయపడి తరువాత మరణించినాడు. ప్రభుత్వం పందేన్ని బోర్డో దగ్గరే ఆపివేసినది. ఆ కార్లను గుర్రాలు కట్టి స్టేషనుకు లాగించి రైలెక్కించినారు. గుర్రాన్ని ఓడించబోయిన యంత్రం గుర్రం వెంట తలవంచుకొని పోయినది. ఎవరూ నవ్వలేదు.

దాని తరువాతనే పందేలకు వేరే బాటలు ఉండాలన్న ఆలోచన బలపడినది. 1907లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్‌లో కారు పందేల కోసమే ప్రత్యేకంగా బాట కట్టినారు. ఊరి బాట వేరు, పందెపు బాట వేరు అన్న ఈ చిన్న తెలివి మానవజాతికి కొంత ఖరీదుకే దక్కినది.

మన దక్షిణాది ఔత్సాహికులు

ఇక మన వైపు వద్దాము. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన కోయంబత్తూరు మన దేశంలో మోటారు విద్యకు పుట్టిల్లు వంటిది. ఆ సీమలోని కలంగల్ గ్రామంలో 1893లో పుట్టిన తెలుగు బిడ్డ జి. డి. నాయుడు. చిన్నతనంలో ఆ ఊరికి ఒక దొర మోటారు సైకిలు మీద వచ్చినాడు. ఎద్దూ గుర్రమూ లేకుండా నడిచే ఆ వస్తువును చూచిన కుర్రవానికి కంటికి నిద్ర పట్టలేదు. కోయంబత్తూరు చేరి హోటలులో వడ్డన పని చేస్తూ రూపాయి రూపాయి కూడబెట్టి, ఆ మోటారు సైకిలునే కొన్నాడు. కొని ఎక్కి తిరిగినాడా? లేదు. మర మరా విప్పి నేలమీద పరచినాడు. తిరిగి బిగించినాడు. బడి చదువు అంతగా ఒంటబట్టని ఆ పిల్లవానికి అదే పాఠశాల అయినది. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళనిల మధ్య తానే తోలినాడు. ఆ ఒక్క బస్సు తరువాత పెద్ద రవాణా సంస్థ అయినది. 1952లో రెండువేల రూపాయలకు ఇద్దరు కూర్చునే కారు ఇస్తానన్నాడు గాని, దాని తయారీకి ప్రభుత్వపు అనుమతి రాలేదు.

ఆ ఊరి లక్ష్మీ మిల్లుల కుటుంబంలోని కరివర్ధన్‌ది మరో కథ. పందెపు కారంటే విదేశాల నుండి రావలసిందే, లక్షలు పోయవలసిందే అని అందరూ అనుకుంటున్న కాలంలో, ఆయన మారుతి కారు యంత్రభాగాలతో ఒంటి సీటు పందెపు కార్లు తయారు చేసినాడు. కూరగాయలు తేవడానికీ, పిల్లలను బడికి దింపడానికీ వాడే కారు గుండెకాయ, పందెపు దుస్తులు వేసుకొని బాట మీదకు వచ్చినది. మధ్యతరగతి కుర్రవాళ్లకు పందెం అందుబాటులోకి వచ్చినది అప్పుడే. 1995లో విమాన ప్రమాదంలో ఆయన మరణించినాడు. కోయంబత్తూరు దగ్గరి పందెపు బాటకు ఆయన పేరే పెట్టినారు.

మద్రాసు వారు 1953లో మోటారు క్రీడా సంఘం పెట్టుకొని, యుద్ధకాలపు విమానాల బాట అయిన షోలవరంలో పందేలు నడిపినారు. అంబాసిడర్లూ ఫియట్లూ, అనగా పెళ్లివారిని మోసే బండ్లే, సీట్లు ఊడదీసుకొని అక్కడ పోటీ పడినవి. సంసారి పక్షపు కారు సంవత్సరానికొకసారి తాండవం చేసిన చోటు అది. 1990లో ఇరుంగాట్టుకోటలో అసలు పందెపు బాట వచ్చేదాకా దక్షిణాది వేగమంతా ఎక్కువగా అక్కడే పెరిగినది.

ఈ నేల మీద పెరిగినవాడే నారాయణ్ కార్తికేయన్, ఫార్ములా వన్ పందెంలో దిగిన మొదటి భారతీయుడు. 2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఆయనకు నాలుగవ స్థానం వచ్చినది. ప్రపంచంలోని మహావీరుల మధ్య నాలుగవ స్థానమని మనం పొంగిపోయినాము. నిజమే గాని, ఆ రోజు పందెంలో పరుగెత్తినవి ఆరు కార్లే. టైర్లు ఆ బాటకు క్షేమం కావని తేలడంతో తక్కిన పద్నాలుగు కార్లు సన్నాహపు చుట్టు తిరిగి పక్కకు తప్పుకున్నవి. ఆ టైర్లు ఎవరివో తెలుసునా? మిషెలిన్ వారివి! 110 ఏండ్ల క్రితం 22 ట్యూబులతో నవ్వించిన సంస్థ టైర్లే ఇక్కడ మన కార్తికేయనుకు మేలు చేసినవి. ఆరుగురిలో నాలుగవవాడైనా, ఆ పద్నాలుగు మంది ఆగిపోయిన రోజున తాను పరుగెత్తుతూనే ఉన్నాడన్నది మరచిపోరాదు. ఫార్ములా వన్‌లో ఆయనకు అంకెలు దక్కినది ఆ ఒక్క రోజే.

నిమ్మకాయల పందెం

మనవాళ్లు కొత్త కారు కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. అమెరికాలో పనికిరాని కారునే నిమ్మకాయ అంటారు. అక్కడ 2006లో కొందరు సరదారాయుళ్లు నిమ్మకాయల పందెం ప్రారంభించినారు. ఫ్రాన్సులోని ప్రసిద్ధమైన ల మాన్ ఇరవై నాలుగు గంటల పందేనికి అది వెక్కిరింత. ఐదువందల డాలర్లు మించని పాత కారే తేవలె. వేగం కంటె చివరిదాకా కూలిపోకుండా నిలవడమే అక్కడ ఘనత. నియమం తప్పినవారికి ఇచ్చే శిక్షలు మరీ వింత. బడిపిల్లల చేత ఇంపొజిషన్ వ్రాయించినట్లు, ఇక తప్పు చేయనని కారు ఒంటినిండా వరుసగా వ్రాయిస్తారట. ఈ శిక్ష విని నవ్వే హక్కు ఉపాధ్యాయులకు తక్కినవారికంటె కొంచెం ఎక్కువ ఉన్నది.

మన నగరంలో

భాగ్యనగరంలో కార్ల హాస్యానికి కొదవ లేదు. ఆరవ నిజాము ఒక రోల్స్ రాయిస్ కారుకు కబురు పెట్టినాడు. లోపల సింహాసనం వంటి ఆసనం, బయట పసుపుపచ్చ రంగు. 1911లో ఆయన కాలధర్మం చెందినాడు. కారు తరువాత వచ్చినది. ప్రపంచంలోకెల్ల మేలైన యంత్రమని పేరు పొందిన ఆ కారు తన ఆయుష్షు మొత్తంలో నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదని ప్రతీతి. ఇప్పుడు చౌమహల్లా ప్రాసాదంలో విశ్రాంతి తీసుకుంటున్నది. వేగమే ధర్మమైన యంత్రానికి స్థావరత్వం ప్రసాదించడం రాజులకే చెల్లినది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నది బహదూర్‌పురాలో జంతు ప్రదర్శనశాల దగ్గరి సుధా కార్ల ప్రదర్శనశాల. దానిని నెలకొల్పిన కె. సుధాకర్ స్వహస్తాలతో వంకాయ కారు, బూటు కారు, కప్పు సాసరు కారు, క్రికెట్ బంతి కారు, కంప్యూటరు కారు, మంచం కారు చేసినాడు. చూడడానికి బొమ్మలు గాని, యంత్రం పెట్టగానే నడుస్తాయి. 2005లో ఆయన నలభై అడుగులకు మించిన ఎత్తు గల మూడు చక్రాల సైకిలు చేసి, స్వయంగా ఎక్కి తొక్కి గిన్నిస్ గ్రంథంలోకి ఎక్కినాడు. గుత్తి వంకాయను చూచి కూర వండుకుందామని అందరికీ తోస్తుంది. అందులో కూర్చొని తోలుకుపోదామని తోచినవాడు మాత్రం ఈయనే.

ఇక అసలు పందెం. మా గాంధీనగర్ నుండి ట్యాంక్‌బండ్ పిలిస్తే పలికేటంత దూరం. ఆ హుస్సేన్‌సాగర్ ఒడ్డునే 2023 ఫిబ్రవరి 11న విద్యుత్తు కార్ల ప్రపంచ పందెం, ఫార్ములా ఇ, జరిగినది. భారతదేశంలో ఆ పందెం జరగడం అదే మొదలు. లుంబిని వనం, ఎన్టీఆర్ ఉద్యానం, నెక్లెస్ రోడ్డు, ఇవన్నీ కలిపి 18 మలుపులతో 2.83 కిలోమీటర్ల బాట వేసినారు. గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటగలవని చెప్పే కార్లు లోపల, వాటి కోసం మూసిన దారులు తప్పించుకొని చుట్టూ తిరుగుతూ, నడిచేవాడు దాటిపోయే వేగంతో కదిలే మన కార్లు బయట. 1865 నాటి ఎర్రజెండా మనిషి ఉంటే ఆ రోజు బయటి బాట మీద అందరికంటె ముందు చేరేవాడు.

సాధన మొదలు కావలసిన వేళ మరొక వినోదం జరిగినది. నగరవాసుల సొంత వాహనాలు కొన్ని దారి తప్పి ఆ పందెపు బాటలోకే వచ్చినవి. అవి బయటికి పోయేదాకా ప్రపంచ ప్రసిద్ధులైన చోదకులు వేచి ఉన్నారు. మన వారి దృష్టిలో బాట అంటే బాటే, దానికి ఇరువైపులా గోడలు కట్టినంత మాత్రాన అది ఎవరి అబ్బ సొత్తూ అయిపోదు.

పందెంలో మొదటి వరుసలో మొదట నిలిచినవాడు జాగ్వార్ జట్టు చోదకుడు మిచ్ ఎవాన్స్. జాగ్వార్ అంటే 2008 నుండి మన టాటా వారిది గనుక ప్రేక్షకులలో ఉత్సాహం. కొన్ని చుట్లు తిరిగినవో లేదో, ఒక వంకర మలుపులో వెనుక నుండి ఒక కారు వచ్చి ఎవాన్స్ కారును గుద్దినది. ఎవరా శత్రువని చూస్తే అదే జట్టులోని సామ్ బర్డ్! ఇద్దరూ పందెం నుండి తప్పుకోవలసి వచ్చినది. ఇంటి పోరుకు ఇంతకన్న నిదర్శనం ఏమి కావలె? మూడవవాడుగా గీత దాటిన బ్యుయెమీ కారు అనుమతించిన దానికంటె ఎక్కువ విద్యుత్తు వాడినదని పదిహేడు సెకన్లు జరిమానా వేసినారు. కరెంటు బిల్లుకు పందెంలో కూడా భయపడవలసి ఉన్నదన్నమాట. మూడవ బహుమతి ద కోస్తాకు పోయినది. ఆయనకు అది నూరవ పందెం. గెలుపు ఫ్రాన్సు దేశీయుడు వెర్న్‌కు దక్కినది. ఆయన గెలిచినది ఒక్క వేగంతోనే కాదు. వెనుక కాసిడీ తరుముతుండగా, బ్యాటరీలో మిగిలిన కొద్ది శక్తిని పొదుపుగా వాడుకొని, దారి ఇవ్వకుండా చివరి గీత దాటినాడు. 2024 ఫిబ్రవరికి రెండవసారి జరగవలసిన పందెం ఆ ఏడు జనవరిలోనే రద్దయినది.

ఆపడంలో ఉన్న శక్తి

ఆ విద్యుత్తు కార్లలో నన్ను ఆకట్టుకొన్నది వాటి వేగం కాదు, వాటి బ్రేకు. వేగం తగ్గించేటప్పుడు చక్రాలు విద్యుత్తును పుట్టించి బ్యాటరీకి తిరిగి ఇస్తాయి. పందెంలో ఖర్చయ్యే శక్తిలో దాదాపు నూటికి నలభై వంతులు ఇట్లా ఆపడం వల్లనే లభిస్తుందని వాటిని తయారు చేసినవారు చెబుతారు. ఎక్కడ ఆపవలెనో తెలియనివాడు ఆ పందెంలో గమ్యం చేరలేడు. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు శక్తి రూపాంతరాన్ని బోధించడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ వెదకనక్కరలేదు.

ఈ మాట ఇక్కడ చెప్పడానికి కారణమున్నది. రాత్రి పదకొండు దాటిన తరువాత మన వీధులలో, నెక్లెస్ రోడ్డు మీద, ఊరి చుట్టూ ఉన్న వలయ మార్గం మీద కొందరు కుర్రవాళ్లు ఇనుప గుర్రాలెక్కి పందేలు వేస్తున్నారు. చెవులు చిల్లులు పడే చప్పుడు, తలకు శిరస్త్రాణం లేదు, వెనుక ఫోను పట్టుకొని బొమ్మ తీసే మిత్రుడొకడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రభుత్వ అనుమతి లేని ఇటువంటి పందేలను నేరమని చెబుతున్నది. చట్టం సంగతి అట్లా ఉంచినా, వీరు ఔత్సాహికులలో చేరరు. ఔత్సాహికుడు యంత్రం విప్పుతాడు, బిగిస్తాడు, నియమం తెలుసుకుంటాడు, వేరే బాట వెదుకుతాడు, ఓడితే నవ్వుతాడు. వీరిది ఉత్తరకుమారుని వరుస. అంతఃపురంలో ఆడవారి ముందు ప్రగల్భాలు పలికిన ఆ రాజకుమారుడు కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తినాడు. అతనికి బృహన్నల రూపంలో అర్జునుడు తోడున్నాడు గనుక బ్రతికి, మనల్ని నవ్వించినాడు. మన పిల్లల వెనుక అర్జునుడు లేడు. తలుపు తెరిచి పెట్టి, గడియారం చూస్తూ కూర్చున్న తల్లి మాత్రమే ఉన్నది.

అందుచేత ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. తరగతిలో వేగమంటే పడిచచ్చే పిల్లవాడు తప్పక ఒకడుంటాడు. వానిని కసరకండి. ఒక పాత యంత్రం ముందు కూర్చోబెట్టి విప్పమనండి. నాయుడుగారి మోటారు సైకిలు కథ చెప్పండి. వంకాయ కారు చూపించడానికి బహదూర్‌పురా తీసుకొని వెళ్లండి. చేతులకు మసి అంటిన పిల్లవానికి యంత్రం ఎంత కష్టపడి నడుస్తుందో తెలుస్తుంది. తెలిసినవాడు దానిని ఊరి బాట మీద వృథాగా పరుగెత్తించడు. ఓడిపోయి, మసి ముఖంతో, రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరి, తన పందెం కథ తానే చెప్పి ఇంటిల్లిపాదినీ నవ్విస్తే అంతకన్న పెద్ద బహుమానం ఏ పందెంలోనూ లేదు.